అడుగు పొర

కంబగిరికి ఆ ఏడు ఒక ప్రశ్న పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. అన్నం ముందు కూర్చుంటే అదే, బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే అదే. అతను అడిగినవాళ్ళంతా జవాబు చెప్పారు. నలుగురు నాలుగు రకాలుగా చెప్పారు. నాలుగూ సరైనవిగానే తోచాయి. అదీ అతని బాధ.

చివరికి ఒక బుధవారం పొద్దున్నే గుత్తిలో బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని, మస్తాన్‌వలి తాత ఉండే కొండకు వచ్చాడు.

మస్తాన్‌వలి తాత దూదేకుల మనిషి. నలభై ఏళ్ళు ఊరూరా తిరిగి పరుపులకూ బొంతలకూ దూది ఏకాడు. ఆ దుమ్ముకు రొమ్ము చెడిపోయాక కొండమీద చిన్న దర్గాలో దీపం పెట్టుకుంటూ, తన గురువు నేర్పిన జపం చేసుకుంటూ ఉండిపోయాడు. చదువు లేదు. ఉపన్యాసాలు చెప్పడు. ఏదైనా అడిగితే చాలాసార్లు దగ్గే జవాబు.

కంబగిరి ఇంజనీరింగు రెండో ఏట, చదువు మానేస్తానని ఇంట్లో పోట్లాడి ఈ కొండెక్కాడు. తాత మానమనలేదు, చదవమనలేదు. పదకొండు రోజులు పక్కన కూర్చోబెట్టుకుని దూదిలో గింజలు ఏరించాడు. పన్నెండో రోజు కంబగిరి తనంతట తానే లేచి కాలేజీకి వెళ్ళిపోయాడు. అప్పటినుంచీ తాతే అతని గురువు.

ఇప్పుడతనికి ముప్ఫై మూడేళ్ళు. బెంగుళూరులో ఇందుశేఖర్ అనే స్నేహితుడితోనూ మరో ముగ్గురితోనూ కలిసి ఒక క్రిప్టో నాణెం నెట్‌వర్కు కడుతున్నాడు. దానికి ‘ముల్లె’, అంటే డబ్బు మూట, అని పేరు పెట్టారు. నడుస్తుందో లేదో చూడటానికి ఈ కొండ కింది పల్లెలోనే బొంతలు కుట్టే ఇరవై ఆరుమంది ఆడవాళ్ళను చేర్చుకున్నారు. బొంతలు కొనే బెంగుళూరువాళ్ళు డబ్బు ముల్లెలో పంపుతారు. సంతలో దారాల అంగడాయన, గుడ్డల వ్యాపారి ముల్లెలో తీసుకుంటారు. ఆ ఆడవాళ్ళలో ఎవరికీ ముల్లె అంటే ఏమిటో సరిగ్గా తెలియదు. వాళ్ళు నమ్మింది తాత శిష్యుణ్ణి.

తాత దర్గా ముందు గచ్చుమీద కూర్చుని ఉన్నాడు. కంబగిరి కాళ్ళకు మొక్కి పక్కన కూర్చున్నాడు.

“ఏమప్పా, మొగం అట్ల పీక్కపోయింది?” అన్నాడు తాత.

కంబగిరి చెప్పడం మొదలుపెట్టాడు. “తాతా, మా ముల్లెలో ఎవరు ఎవరికి ఏమిచ్చినా వేల యంత్రాలు చూసి ఔనని సాక్ష్యం చెప్పల్ల. అందుకే అందులో దొంగతనం కుదరదు. అందుకే అది నత్త మాదిరి నడుస్తాది. వందమందికే ఒక పూట పడతాది. పది లక్షలమంది వస్తే ఊపిరాడదు.”

“ఊఁ.”

“అందుకని దానిమీద ఇంకో పొర వేసినాం. ఆ నడిమి పొరలో మా యంత్రం ఒకటుంటాది. వేలమంది ఇచ్చిపుచ్చుకునేదంతా అదే జరిపిస్తాది. అన్నీ సరిగ్గా జరిగినాయని చిన్న రుజువు మాత్రం కింద సాక్షులుండే అడుగు పొరలో రాస్తాది. దానిమీద మళ్ళా ఇంకో పొర. నీ కోడలు లాలమ్మక్క, దారాల అంగడాయన రోజూ ఇచ్చిపుచ్చుకుంటారు కదా, వాళ్ళిద్దరే సంతకాలు మార్చుకుంటా పోతారు. ఆఖరున తేలింది మాత్రమే కిందికి దిగుతాది.”

తాత తలాడించాడు. అర్థమైందో లేదో తెలియలేదు.

“ఆ రుజువు నేనే రాసినా తాతా.” కంబగిరి మొహంలోకి అప్పుడు కాస్త వెలుగొచ్చింది. “పదివేలమంది చేసిందంతా అందులో ఉంటాది. ఎవరు ఎవరికిచ్చినారో ఒక్కటీ కనపడదు. కనపడకుండానే నిజమని తేలిపోతాది. రెప్పపాటులో. ఇట్లాంటిది రాసినోళ్ళు మన దేశంలో ఎంతోమంది లేరు.”

“కనపడకుండా నిజం తేలుతాదా? బాగుండాదే. మరి నీ బాధేంది?”

“ఎవరి దగ్గర ఎంతుందో ఒక పట్టీ ఉంటాది. దాన్ని యాడ పెట్టాలనేదే బాధ. మా యంత్రంలోనే పెట్టుకుంటే ముల్లె గాలి మాదిరి పోతాది. అడుగు పొరలో రాస్తే బరువు, నిదానం. రుజువుండాది కదా, మనం అబద్ధమాడే వీల్లేదు కదా, ఇంకేం భయం, మన దగ్గరే పెడదాం అంటాడు ఇందుశేఖర్. నిజమే. ఆ మాటలో తప్పేం కనపడదు నాకు. అయినా మనసు ఒప్పుకోదు. ఎందుకు ఒప్పుకోదో తెలియదు. పొర వేస్తే చీకటి, తీస్తే ఇరుకు. వచ్చే సోమవారం నేను సంతకం పెడితే ముల్లె అందరికీ తెరుస్తారు. పెట్టేదా, వద్దా?”

తాత చాలాసేపు దగ్గాడు. దగ్గు ఆగాక లోపలికి చూసి పిలిచాడు. “లాలమ్మా! నీ ఫోను తే.”

లాలమ్మ తాత కోడలు. యాభై ఏళ్ళ మనిషి. సంతకు పోవడానికి తయారై సంచీ భుజాన వేసుకుని ఉంది. మూల పగిలిన ఫోను చేత్తో పట్టుకుని వచ్చింది.

“ఏమి మామా?”

తాత కంబగిరి వైపు తిరిగాడు. “నీ యంత్రం ఆపు.”

“ఏ యంత్రం తాతా?”

“నడిమి పొరలో ఉండాదంటివే, అది.”

“ఎందుకు?”

“ఆపు,” అన్నాడు తాత. కంబగిరి పక్కకు వెళ్ళి ఇందుశేఖర్‌కు ఫోను చేశాడు. ప్రయోగానికి పెట్టిన నెట్‌వర్కే కదా, నేను చెప్పేదాకా ఆపమన్నాడు. నీకేమైనా పిచ్చా అన్నాడు ఇందుశేఖర్. తాత అడిగాడని కంబగిరి చెప్పాడు. అవతల మీటలు నొక్కిన చప్పుడైంది. తర్వాత “ఆపాను” అన్న మాట వినపడింది.

“ఆగింది తాతా.”

“లాలమ్మా, నీది నువ్వు తెచ్చుకో,” అన్నాడు తాత.

ఆమె ఫోనులో తన వాటాను అడుగు పొరలోకి దింపుకునే ‘బయటికి’ అన్న గుర్తును నొక్కింది. తెరమీద చక్రం తిరగడం మొదలైంది. ఆమె గచ్చు అంచున కూర్చుని దాన్నే చూస్తూ ఉంది.

చక్రం తిరుగుతూనే ఉంది.

ఎండెక్కింది. కింద పల్లె నుంచి ఇద్దరు ఆడవాళ్ళు పైకి వచ్చారు. “కంబగిరీ, మా ఫోన్లు ఏమైనాయి? ఊరికే తిరుగుతాండాయి. గుడ్డలాయన మాకోసం గుడ్డల బేలు కట్టి పెట్టినాడు. మధ్యాన్నందాకా చూసి వేరేవాళ్ళకు ఇచ్చేస్తానన్నాడు.”

కంబగిరి లేచి నిలబడ్డాడు. “తాతా, యంత్రం మళ్ళా పెట్టమంటాను. వాళ్ళ పని చెడిపోతాంది.”

“ఆమె తెచ్చుకోనీ,” అన్నాడు తాత.

“ఆమె ఎట్ల తెచ్చుకుంటాది? యంత్రం ఆపిచ్చినావు కదా!” కంబగిరి గొంతు లేచింది. గురువు ముందు అతని గొంతు లేవడం అదే మొదటిసారి. “ఆమెది యాడికీ పోలేదు తాతా. అడుగు పొరలో రుజువుండాది. అది అబద్ధం కాదు. అయ్యే వీలే లేదు!”

“అబద్ధమని నేనన్నానా?”

లాలమ్మ తెరమీది నుంచి కళ్ళెత్తింది. మామను చూడలేదు, కంబగిరిని చూసింది. కోపంగా కాదు, మామూలుగానే అడిగింది.

“నాయనా, నువ్వుంటేనే వస్తాదా ఇది?”

 

కంబగిరి సంచీలోంచి తన కంప్యూటరు తీశాడు. ఆగిన యంత్రంలోని పట్టీకి ఒక నకలు అందులో ఉంది; అది లేకుంటే ఎవరి వాటా ఏదో తేలదు. ఆ నకలు పట్టుకుని లాలమ్మ వాటా ఎక్కడుందో వెతికి, దాని వరకే ఒక రుజువు కట్టి, అడుగు పొరలోకి పంపడానికి కూర్చున్నాడు. తానే కట్టిన ఇల్లు. అయినా లోపలికి దారి దొరకలేదు. ఒకచోట తప్పు వచ్చింది. సరిదిద్దితే ఇంకోచోట వచ్చింది. మధ్యాహ్నం దాటింది. గుడ్డలాయన బేలు ఎవరికో ఇచ్చేశాడని కింద నుంచి కబురొచ్చింది. పొద్దు వాలుతుండగా లాలమ్మ ఫోను చిన్నగా మోగింది.

“వచ్చింది!” అన్నాడు కంబగిరి. 

తాత మెల్లగా లేచాడు. “నువ్వు తెచ్చినావు,” అని, నమాజుకు లోపలికి వెళ్ళాడు.

అంతే. సంతకం పెట్టమనలేదు, వద్దనలేదు. 

*

యంత్రం మళ్ళీ పెట్టించి, తిరుగు బస్సులో కంబగిరి తాత మాటను పదిసార్లు తిప్పి చూసుకున్నాడు. నువ్వు తెచ్చినావు. మెచ్చుకోలా? తప్పు పట్టడమా? పామిడి దాటేసరికి ఒక అర్థం దొరికినట్టనిపించింది. పొరలే వద్దంటున్నాడు తాత. మధ్యలో మనిషి ఉండకూడదు, యంత్రం ఉండకూడదు. అందరూ అడుగు పొరమీదే నడవాలి.

సోమవారం అతను సంతకం పెట్టలేదు. ఇందుశేఖర్ కారణం అడిగాడు. చెప్పలేకపోయాడు. ఐదేళ్ళ స్నేహం ఆ గదిలో రెండు గంటల్లో అయిపోయింది. అరుపులు లేవు. “నీకు తెలియనిది నాకు చెప్పలేవు కదా,” అని ఇందుశేఖర్ మిగతా ముగ్గురినీ తీసుకుని వేరే పేరుతో వేరే నెట్‌వర్కు పెట్టుకోవడానికి వెళ్ళిపోయాడు. పల్లెలో నడిచే ప్రయోగం కంబగిరికి మిగిలింది.

కంబగిరి పై రెండు పొరలూ తీసేశాడు. రాత్రీ పగలూ రాసిన రుజువును పక్కన పడేశాడు. అది తీసేసేటప్పుడు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గురువు మాట కదా అనుకున్నాడు.

నాలుగు నెలలకు మళ్ళీ కొండెక్కాడు. ఈసారి అతనికి పొగడ్త దొరుకుతుందని చిన్న ఆశ ఉంది.

దర్గా వెనక రేకుల పంచలో లాలమ్మ బొంత పరిచి కుడుతోంది. తాత గోడకు ఆనుకుని చూస్తున్నాడు.

“పై పొరలన్నీ తీసేసినా తాతా,” అన్నాడు కంబగిరి.

“ఎందుకు?”

కంబగిరి తెల్లబోయాడు. “నువ్వే కదా…”

“నేనేమన్నా?”

ఏమన్నాడు? కంబగిరి గుర్తుచేసుకున్నాడు. యంత్రం ఆపమన్నాడు. లాలమ్మను తెచ్చుకోమన్నాడు. నువ్వు తెచ్చినావన్నాడు. పొరలు తీసెయ్యమని ఎక్కడా అనలేదు.

లాలమ్మ సూది ఆపకుండానే అంది. “ముందరే బాగుండె నాయనా. ఇప్పుడు దారం ఉండ కొనల్లంటే పొద్దున నొక్కితే మధ్యాన్నానికి పోతాది. అంగడాయన తిడతాండాడు. మావాళ్ళు పదిహేడుమంది మానేసినారు. నువ్వు బాధపడతావని నేను చెప్పలా.”

కంబగిరి నేలమీద కూర్చున్నాడు. పొరలుంటే తప్పు. పొరలు లేకుంటే తప్పు. ఇంకేముంది చెయ్యడానికి? స్నేహితుడు పోయాడు. చేతులతో రాసిన రుజువు పోయింది. పదిహేడుమంది పోయారు. ఎవరి మాట విని ఇదంతా చేశాడో ఆ మనిషి తానేమీ అనలేదంటున్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

“ఈ మూల పట్టు,” అన్నాడు తాత.

“ఆఁ?”

“బొంత మూల. కుట్టు.”

లాలమ్మ ఇంకో సూదికి దారం ఎక్కించి ఇచ్చింది. కింద పాత చీర, మధ్యలో దూది, పైన కొత్త గుడ్డ. కంబగిరి ఎప్పుడూ కుట్టలేదు. అయినా ఆమె చేతిని చూస్తూ వరసగా వేసుకుంటూ పోయాడు. జానెడు పొడుగు కుట్టేసరికి తనకే ముచ్చటేసింది. ఒక్కటీ వంకర పోలేదు.

“అయింది తాతా.”

తాత కోడలికి సైగ చేశాడు. లాలమ్మ బొంత అంచు తిరగేసి, అడుగు చీరను రెండు వేళ్ళతో పట్టి లాగింది. చీర విడిగా ఊడి చేతికొచ్చింది. దూది ఒక పక్కకు జారింది.

“అడుగు అందలా,” అంది లాలమ్మ.

“పైనుంచి చూస్తే కుట్టినట్టే ఉండాది కదూ,” అన్నాడు తాత.

 లాలమ్మ కంబగిరి కుట్లన్నీ తెంపేసి, దూది సర్ది, అతని ఎడమచేతిని పట్టుకుని బొంత కిందికి పెట్టింది. “ఈ వేలు కిందుండల్ల. పైనుంచి దిగిన సూదిమొన ఈ వేలికి తగలల్ల. తగిలినాకే పైకి తియ్యి. పొడుస్తాది. పొడవనీ.”

అతను మళ్ళీ మొదలుపెట్టాడు. సూది దింపడం, కింద వేలికి మొన తగిలేదాకా ఆగడం, పైకి తియ్యడం. పొద్దుగూకేసరికి జానెడులో సగం కూడా కాలేదు. కుట్లు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వేలికొసన నాలుగుచోట్ల నెత్తురు పూసింది.

లాలమ్మ తిరగేసి లాగి చూసింది. రాలేదు.

కంబగిరి నెత్తురు తుడుచుకుని మళ్ళీ సూది దింపాడు.  తాత దగ్గుకుంటూ దీపం పెట్టడానికి లేచాడు.

*

ఆ తర్వాత పది నెలలు కంబగిరి కొండకు రాలేదు. బెంగుళూరులో అద్దెకు దొరికిన చిన్న గదిలో కూర్చున్నాడు. తీసేసిన రెండు పొరలూ మళ్ళీ వేశాడు. పక్కన పడేసిన రుజువును వెతికి తెచ్చుకున్నాడు. పట్టీని మాత్రం తన దగ్గర పెట్టుకోలేదు. దాన్ని ఎన్నో రకాలుగా కుదించి, ఎవరైనా తీసి చదువుకునేలా అడుగు పొరలో రాయించాడు. మూల పగిలిన పాత ఫోనైనా సరే, ఆ పట్టీ చదివి తన వాటాకు తానే రుజువు కట్టుకోగలగాలి. అది సాధ్యం కాదని మూడుసార్లు అనుకున్నాడు. రెండుసార్లు పని వదిలేసి ఉద్యోగాలకు అర్జీలు పెట్టాడు.

ఇది సరైన దారేనని అతనికి గట్టి నమ్మకమేమీ కలగలేదు. ఇందుశేఖర్ నెట్‌వర్కు లక్షలమందితో నడుస్తోంది. ఒక్కరోజు కూడా ఆగలేదట. అతని యంత్రం నిజాయితీగానే ఉంది. కంబగిరి ముల్లె దానికంటే నిదానం. ఇంత పెనుగులాడింది దేనికని కొన్ని మధ్యాహ్నాలు గోడకేసి చూస్తూ కూర్చునేవాడు.  మళ్ళీ పనిలోకి వంగేవాడు.

ఒక శుక్రవారం కొండెక్కాడు. తాత నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. ఊపిరి తీస్తుంటే రొమ్ములోంచి ఈల వినపడుతోంది. కళ్ళు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి.

కంబగిరి ప్రశ్న ఏమీ అడగలేదు. మంచం పక్కన నేలమీద కూర్చుని, ఎవరూ చెప్పకుండానే తన యంత్రం ఆపేశాడు. కంప్యూటరు మూసి సంచీలో పెట్టాడు. తన ఫోను కూడా ఆపి దాని పక్కన పెట్టాడు.

“అక్కా, నీది నువ్వు తెచ్చుకో,” అన్నాడు.

లాలమ్మ ఫోను తీసింది. కొత్త గుర్తులు చూసి ముఖం చిట్లించింది. ఒకటి నొక్కింది. ఏదో రాయమంది. రాసింది. ఇంకొకటి అడిగింది.

“ఇదేనా నాయనా?”

కంబగిరి తల తిప్పి బయట సీతాఫలం చెట్లను చూశాడు. ఆమె కాసేపు అతని మొహం చూసింది. తర్వాత వేలితో ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుకుంటూ తనే ముందుకు పోయింది. ఒకసారి తప్పు నొక్కి మళ్ళీ మొదటికొచ్చింది. కంబగిరి రెండు చేతులూ మోకాళ్ళ కింద దాచుకున్నాడు. ఫోను వేడెక్కిందని ఆమె దాన్ని చీరకొంగులో పట్టుకుంది. కింద పల్లెలో ఎవరో మేకలను అదిలిస్తున్నారు. గంట దాటింది.

ఫోను మోగింది.

లాలమ్మ చూసుకుంది. నమ్మలేనట్టు మళ్ళీ చూసుకుంది. “వచ్చింది మామా,” అంది.

తాత కళ్ళు కంబగిరి మీదికి తిరిగాయి. మాట కోసం ఊపిరి కూడదీసుకున్నాడు.

“ఇప్పుడు నువ్వు సచ్చిపోయినా ఆమెది ఆమెకు వస్తాదా?”

 కంబగిరి పై పొర నుంచి అడుగుదాకా మనసులో ఒకసారి దిగి ఎక్కాడు. మళ్ళీ దిగాడు.

“వస్తాది తాతా.”

తాత కళ్ళు మూసుకున్నాడు. ఎండిపోయిన చెయ్యి కంబగిరి తలమీద పెట్టాడు.

“అయితే ఇంక బతుకు,” అన్నాడు.